పెద్దమ్మ దంచిన వాల్ట్జ్

పెద్దమ్మ పోయిందని మొన్న కువైట్‌లోని జాబ్రియా నుంచి ఫోనొచ్చింది. చేసింది మామా, అంటే పెద్దమ్మ పనిచేసే ఇంటి యజమానురాలు. తనకొచ్చిన నాలుగు హిందీ ముక్కల్లో, "పొద్దున లేవలేదు. నిద్రలోనే ఖలాస్," అని చెప్పి ఏడ్చేసింది.

మా పెద్దమ్మది రాయచోటి పక్క పల్లె. ఆ ఇంట్లో ఆమె పని మామా తల్లిని చూసుకోవడం. ఆ ముసలామెకు చూపు లేదు, మాట పడిపోయింది. క్యాసెట్ పెడితేనే అన్నానికి నోరు తెరిచేది. అది ఆస్ట్రియా వాళ్లు నాట్యమాడే సంగీతం, వాల్ట్జ్. వయసులో ఉండగా భర్తతో వియన్నా వెళ్లి విన్నదట. వయొలిన్లన్నీ కలిసి గిరగిరా తిరుగుతున్నట్టుంటుంది. పెద్దమ్మకు మాత్రం అది దంపుడే.

"ఒకే రోట్లో ముగ్గురు దంచితే ఎట్లుంటాది? పెద్దామె గట్టిగా వేస్తాది, తక్కిన ఇద్దరూ మెల్లిగా అందుకుంటారు. ఇదీ అంతే పాపా," అనేది. ఆ లెక్కకే నేల తుడిచేది. ఆ లెక్కకే అన్నం పెట్టేది, మూడో దెబ్బకు ముద్ద.

డిగ్రీ అయ్యి ఊళ్లో కాలు నిలవని నన్ను టైపిస్టు ఉద్యోగానికి కువైట్ పిలిపించిందీ ఆమే. నేనొచ్చిన ఏడాదే ఇరాక్ సైన్యం దిగింది. మామా, పిల్లలు అప్పటికే సెలవులకని లండన్‌లో ఉన్నారు. నా గది ఉన్న రిగ్గైలో ఒక్కదాన్నే ఉండలేక పెద్దమ్మ దగ్గరికి చేరాను.

ఒక మధ్యాహ్నం సైనికులొచ్చి టీవీ, టేప్‌రికార్డర్ మోసుకుపోయారు. క్యాసెట్ దాంట్లోనే పోయింది. ఆ పూట నుంచి ముసలామె నీళ్లు తప్ప ఏదీ తీసుకోలేదు. రిగ్గైలో మనవాళ్లు బస్సు మాట్లాడుకుని బస్రా దారిన వెళ్లిపోతున్నారని తెలిసి నేను ఒకటే పోరు.

"పోదాం రా పెద్దమ్మా. ఆమేమన్నా మనకు చుట్టమా?"

"చుట్టాలుంటే వాళ్లే చూస్తారులే అని వచ్చేదాన్ని. ఈమెకు ఈడ నేను తప్ప ఎవురుండారే?"

"తినకుండా ఎన్నాళ్లుంటుంది?"

"అందుకే. వాగుడాపి ఆ గరిటె తీసుకో."

యాలకులు దంచే ఇత్తడి రోలు తెచ్చి ముసలామె ఒళ్లో పెట్టింది. చిన్న రోకలి చేతికిచ్చి, ఆ చెయ్యి పట్టుకుని ఒకటి వేయించింది. ఠంగ్. రెండోది తనే చెంచాతో పళ్లెం మీద. "నీదే, కానీ!" అని నన్ను కసిరింది. నేను మంచం పట్టె మీద గరిటెతో మూడోది. చాలాసేపు అంతే. ఉన్నట్టుండి పెద్దమ్మ ఆ చెయ్యి వదిలేసింది. రోకలి తనంతట తానే లేచింది. ఠంగ్. ముసలామె నోరు తెరిచింది.

గబుక్కున ముద్ద పెట్టి, "యల్లా, కానీ కానీ, ఆపొద్దే!" అంది పెద్దమ్మ, కారుతున్న కళ్లు తుడుచుకోకుండానే.

ఆ వారం నేను బస్సెక్కాను. ఆమె రాలేదు. "నువ్వు పో. నీది కూడా నేనే వేసుకుంటాలే," అంది. వేసుకుంది. యుద్ధం ముగిసి మామా తిరిగొచ్చేసరికి తల్లి బతికే ఉంది. కొత్త టేప్‌రికార్డర్ కొన్నా ముసలామె రోలు వదల్లేదట.

మొన్న ఫోన్ పెట్టేసే ముందు మామా, "పొద్దుట్నుంచి అమ్మ ఇదే చేస్తోంది, విను," అంది. కాసేపు గరగర. తర్వాత ఠంగ్. రెండు దెబ్బల జాగా వదిలి, మళ్లీ ఠంగ్.

మూడోది నేను రిసీవర్ మీద గోటితో వేశాను. మధ్యలోది ఎవరూ వేయలేదు.