చెప్పనిది రాయని బిడ్డ

మా బిడ్డ పోయింది. పోయిన నెల జ్వరమొచ్చి దవాఖానల చేర్చినం, ఐదోనాడు పొద్దుగాల కన్నుమూసింది. ఇరవై ఆరేండ్లు. నాకు ఒక్కతే. ఐదో తరగతి దాకనే చదివిన నేను, తప్పులుంటే ఏమనుకోకున్రి. నాంపల్లి స్టేషన్ ఎనక మా కిరాయి ఇంట్ల కూసొని రాస్తున్న.

అది ఎలక్షన్ సర్వేలు చేసేది. ఇల్లిల్లు తిరిగి, ఈసారి ఎవరికి ఓటేస్తరని అడిగి కాగితాల మీద రాసుకొచ్చేది. పని దొరికిన కొత్తల నన్నే ముందట కూసోబెట్టి అడిగింది.

"అమ్మా, నువ్వెవరికి ఏస్తవ్?"

"మీ నాయిన ఎవరికంటే వాళ్లకే."

"అది నాయిన జవాబు. నీది చెప్పు."

నవ్వొచ్చింది నాకు. తర్వాత బీరకాయ చెక్కుకుంట శానసేపు ఆలోచన చేసిన. నా మనసుల ఏమున్నదని పెండ్లయినకాడికెళ్లి ఒక్కరు గుడ అడగలే. మా బిడ్డ అడిగింది.

ఒకపారి దాని తోటి పిల్ల రాకపోతే నేను ఎంబడి పోయిన. ఆబిడ్స్‌ల బస్సు దిగి బేగం బజార్ దిక్కు గల్లీలల్ల తిరిగినం. ఒకింట్ల మసాలాల దుకాణమాయన గడపలనే నిలబడి, "మా ఇంట్ల ఆరు ఓట్లు, ఆరూ ఒక్కరికే. రాసుకో" అన్నడు.

"మీది రాసుకున్న అన్నా. వదినది వదిన చెప్తది గదా."

"ఆమెకేం తెలుసు?"

"తెల్వదంటే తెల్వదనే రాస్త."

ఆయన నవ్వి పక్కకు జరిగిండు. ఎనక నిలబడ్డ ఆయన పెండ్లాం కొంగు సర్దుకొని, "మోరీ నీళ్లు వంటింట్లకొస్తున్నయి చెల్లె. గది ఆపేటోడు ఎవడో ఇంకా చూస్తున్న" అన్నది. ఎవరికేస్తదో పేరు మాత్రం చెప్పలే.

పక్కింటి ముసలవ్వ మా బిడ్డ చేతులు వట్టుకున్నది. "ఇప్పుడున్నాయనకే బిడ్డా. నా పింఛిని ఆపకున్రి."

"అవ్వా, నేను సర్కారు మనిషిని కాదే" అని ఎంత చెప్పినా అదే మాట. అవ్వ చెప్పింది రాసి, పక్కకు చిన్నగ 'భయపడ్డది' అని గుడ రాసింది.

"సర్వే అంటే ఎవరు గెలుస్తరో చెప్పేదే గదా" అన్న నేను.

"కాదమ్మా. గా దినం మనిషి మనసు ఎటున్నదో అదొక్కటే. రేపు మారొచ్చు. మొగుడు పక్కకుంటే ఒకటి చెప్తరు, లేకుంటే ఒకటి. మనం ఎట్లడిగితే అట్లొస్తది మాట."

ఆఫీసుల సారుకు కోపమొచ్చింది. "నీ కాగితాలల్లనే 'చెప్పలేదు' అని గిన్ని ఎందుకున్నయి? ఏదో ఒక పేరు నింపుకొని రా. లేకుంటే రేపటికెళ్లి రాకు" అన్నడట.

"రాయరాదే! ఎవరు చూసొచ్చిన్రు?" అని నేనే అన్న.

"వాళ్లు చెప్పనిది నేనెట్ల రాయాలె అమ్మా?" అని అట్లనే ఇచ్చొచ్చింది. పని పోయింది. నేను రెండు దినాలు దానితోటి మాట్లాడలే. అది మాత్రం రోజు లెక్కనే నా పక్కల పండుకొని, మీద చెయ్యేసింది.

ఇంకో తాన పని దొరికేటాలకు రెండు నెలలు పట్టింది. ఎలక్షన్ అయినంక మా బిడ్డ చెప్పినోళ్లే గెలిచిన్రని నేననను. ఎవరు గెలుస్తరని అదెన్నడూ చెప్పలే. టీవీల సర్వే వస్తే, "చెప్పనోళ్లు ఏడికి పోయిన్రు?" అని టీవీనే అడిగేది. మేం నవ్వేటోళ్లం.

గా ఎలక్షన్ల మొదటిపారి నా ఇష్టంతోటి ఓటేసిన. ఎవరికని మా ఆయనకు చెప్పలే. బిడ్డయితే అడగనేలేదు. అన్నం పెట్టుకుంట నా మొఖం చూసి, "ఖుషీగున్నవే" అన్నది గంతే. ఉన్న బిడ్డా. నీ పుణ్యాన ఉన్న.

నిన్న ఓటరు లిస్టు చూసేటాయన వచ్చిండు. లిస్టుల మా ముగ్గురి ఫొటోలున్నయి.

"ఈ అమ్మాయి ఇక్కడనే ఉంటదా?"

మా ఆయన నా దిక్కు తిరిగి మెల్లగ, "ఉండనియ్యవే. పేరుంటే ఎవరికేం నష్టం?" అన్నడు. నాకు గుడ ఉండనియ్యాలెననే ఉండె. దాని పేరు రాసున్న కాగితాలు ఇంకెన్ని మిగిలినయి? వచ్చినాయన పెన్ను పట్టుకొని ఆగిండు.

"లేదు సార్. రాసుకోన్రి" అన్న.

పేరు తీసేసే కాగితం మీద సంతకం నేనే పెట్టిన. ఆయన పేరు మీద గీత కొట్టిండు. గీత ఫొటో దాకా పోలే. రెండు జడలేసుకొని, మా దిక్కే సూటిగ చూసుకుంట ఉన్నది మా బిడ్డ.