ఊడ్చిపెట్టిన సరుకు స్థలం

గూడ్స్ బండి మా స్టేషన్‌లో ఆగకుండా పొడుగ్గా కూతపెట్టి పోయినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. వెంటనే భూమన్న సేటు గుర్తొస్తారు. ఆయన కూడా చేతిలోని చాయ్ పక్కనపెట్టి, ఆఖరి పెట్టె దాటేదాకా దాన్ని గుర్రుగా చూసేవారు. "పోతున్నది సూడు, మనతోని ఏం పనిలేనట్టు" అనేవారు.

ఆదిలాబాద్ జిల్లా చివర, పెన్‌గంగకు దగ్గర్లో ఆయనది పత్తి నుంచి గింజ తీసే చిన్న జిన్నింగ్ మిల్లు. కరీంనగర్ నుంచి వచ్చి అక్కడ గుమాస్తాగా చేరిన నాకు పత్తి పనికంటే అర్జీలు రాసే పనే ఎక్కువైంది. నొక్కి కట్టిన మా పత్తి బేళ్లు, నది అవతల మహారాష్ట్ర మిల్లుల బేళ్లు కలిపి మా స్టేషన్‌లోనే రైలెక్కించాలని ఆయన పట్టు. ఒక్క వైపు సరుకుతో బండి నిండదు. లారీ కిరాయిలు భరించలేక చిన్న మిల్లులు ఒక్కొక్కటే మూతపడుతున్నాయి, మాదీ ఆ దారిలోనే ఉంది. అయినా రెండు వైపులవాళ్లూ కలవడమంటే మాటలా? అర్జీ మీద మొదటి సంతకం ఎవరిదన్న దగ్గరే రెండు నెలలు గడిచాయి. చివరికి సేటు విసిగిపోయి, "వాళ్లనే ముందుగాల పెట్టనియ్. సంతకం పైనుంటే బండి వాళ్లింటికి వస్తదా?" అన్నారు.

ఎన్నో అర్జీల తర్వాత ఒక రైల్వే అధికారి స్టేషన్ చూడడానికి వస్తున్నారని కబురొచ్చింది. అవతలి వ్యాపారులను తీసుకురావడానికి సేటు పొద్దున్నే బయలుదేరారు. "జర అంతా మంచిగ సూస్కో బిడ్డా, వాళ్ల ముందర మన ఇజ్జత్ పోవద్దు" అని నాకు చెప్పి వెళ్లారు. నేను మంచిగానే చూశాను! మిల్లులో చోటులేక స్టేషన్ పక్క స్థలంలో పేర్చిన బేళ్లన్నీ లారీలకెక్కించి ఊరవతలికి పంపేశాను. పెళ్లివారొస్తున్నట్టు నేల ఊడ్పించి, నీళ్లు చల్లించి, ముగ్గు కూడా వేయించాను.

అధికారి చుట్టూ చూసి, "స్థలం చాలా బాగుంది. సరుకేది?" అన్నారు.

మహారాష్ట్ర వ్యాపారి ఒకాయన నవ్వాపుకోలేక గోడవైపు తిరిగాడు. సేటు ముగ్గును చూశారు, నన్ను చూశారు. సరుకు లేదని రాసుకుని అధికారి వెళ్లిపోయారు.

ఆ రోజు సేటు తిట్టినా నాకు బాగుండేది. మరునాడు నా బల్లమీద తెల్లకాగితం పెట్టి, "మల్ల రాయి" అన్నారు.

"నాతోని తప్పైంది సేటూ."

"ఊడ్సుడు తప్పుగాదు బిడ్డా. మనం జేసే పనినే దాసిపెట్టినవ్. మల్ల రాయి."

ఒక్క బేలు కూడా రైలెక్కకుండానే ఆయన మిల్లు అమ్ముకున్నారు. తర్వాత ఆయనా పోయారు. మిగిలిన మిల్లుల కోసం, రెండు వైపులవారి తరఫునా ఇప్పటికీ నేనే అర్జీలు రాస్తున్నాను.

పోయిన నెల మరో అధికారి వచ్చారు. మావాళ్లు చీపుర్లు పట్టుకుంటే కోపంగా లాగేసుకున్నాను. ఆయన బేళ్ల మధ్య పక్కకు తిరిగి ఇరుక్కుంటూ, చొక్కానిండా దూదితో బయటపడ్డారు. "ఏంటమ్మా ఇది, నడవడానికి దారి కూడా లేదు!" అని విసుక్కున్నారు.

"బండి ఆపుండ్రి సార్," అన్నాను, "దారి దానంతటదే అయితది."