మా సామాను త్యాగం చేసిన మా బాబాయి

మనుషులకు జ్ఞానోదయం ఎక్కడెక్కడో అవుతుంది. మా బాబాయికి నిచ్చెన మీద అయింది.

ఆయన బోర్డులు రాస్తాడు. మందుల షాపు నుంచి మంగలి షాపు దాకా మా వీధిలో ఉన్న ప్రతి అక్షరం ఆయన కుంచెలోంచి ఊడిపడ్డదే. ఆయన 'ఆగుము' అని రాస్తే లారీయే కాదు, లారీ వెనకాల వస్తున్న వాన కూడా ఆగింది. నేను తడవలేదు, అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి. అలాంటి మనిషికి ఓ సభవాళ్ళు పని ఇచ్చారు. ఎవరో పెద్దాయన వచ్చి మాట్లాడతాడట, గోడల మీద 'నాది అన్నదే బరువు' అని రాయాలట. పదకొండు గోడలు. మొదటి గోడ దగ్గర మామూలుగానే ఉన్నాడు. అయిదో గోడ దగ్గర నిట్టూర్చాడు. పదకొండోది రాసి నిచ్చెన దిగేసరికి ఆయన ఆయన కాడు. ఆ పెద్దాయన ఉపన్యాసానికి మాత్రం వెళ్ళలేదు. తెలిసిపోయాక ఇంకా వినడమెందుకన్నాడు.

అసలు వైరాగ్యంలో నేను ఆయనకు సీనియర్ని. పదో తరగతి మీద మమకారం నాకు పరీక్షలకు ముందే పోయింది. కానీ నన్ను ఎవరూ త్యాగి అనలేదు, వెధవ అన్నారు. ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి, నేను వదులుకున్న చదువు నాదే.

బాబాయి మర్నాటి నుంచే దానాలు మొదలుపెట్టాడు. ముందు నా సైకిలు పోయింది. దిగుడులో రైలును దాటిపోయే సైకిలది, పేపర్లు వేసే ఆయన పాలైంది. తర్వాత పిన్ని గొడుగు. ఆ తర్వాత పిన్ని పుట్టింటి నుంచి తెచ్చుకున్న గోడగడియారం. ఆయన ఉడుత వెంట్రుకల కుంచెలు మాత్రం గుడ్డలో చుట్టి అలమరలో భద్రంగా ఉన్నాయి.

"అవో, బాబాయ్?" అన్నాను.

"అవి నావి కావురా, కళవి."

"వాలుకుర్చీ?"

"అది ధ్యానానికి."

ఆ ధ్యానంలో ఆయన పెట్టే గురకకు ఎదురింటి కిటికీ రెక్క దానంతటదే మూసుకునేది.

వీధిలో 'మహాత్యాగి' అని పేరొచ్చేసింది. టీకొట్టు బల్ల మీద జనం జరిగి చోటిచ్చేవాళ్ళు. నడక కూడా మారింది, కాలు మోపడం నేలకు ఉపకారం అన్నట్టు.

అలా ఉండగా ఓ శుక్రవారం పొద్దున, పాల కేంద్రం ఆవిడ తన బల్ల కాలు విరిగిందని బాబాయితో మాటవరసకు అంది. పిన్ని బొత్తాలు కొనడానికి బజారుకెళ్ళింది. తిరిగొచ్చేసరికి ఆమె కుట్టుమిషను ఉండే మూల నాలుగు కాళ్ళ గుర్తులు మిగిలాయి. ఆ మిషను మీదే మా ఇల్లు నడిచేది, బోర్డులు రోజూ ఎవరు రాయించుకుంటారు. మంచం మీద స్కూలు చొక్కాలు నలభై రెండు, కత్తిరించి పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. సోమవారం స్కూలు తెరుస్తారు. ఆ రోజుకు ఇవ్వకపోతే ఇక ఆ పని ఇంకొకరికి పోతుంది.

"ఏమండీ, మిషనేది?"

"ఇచ్చేశాను. దాని మీద నీకెంత మమకారం ఉందో ఇప్పుడు తెలుస్తోందా?"

"మమకారం కాదండీ, చొక్కాలు. వెళ్ళి తెండి."

"ఇచ్చింది మళ్ళీ అడిగితే జనం ఏమంటారు?"

పిన్ని బొత్తాల పొట్లం మెల్లగా కింద పెట్టింది. "గొడుగు నాదంటే బరువన్నారు. గడియారం నాదంటే బరువన్నారు. మరి జనం ఏమంటారో అన్న ఈ బరువు ఎవరిదండీ?"

మా పిన్ని గొంతు పెంచే మనిషి కాదు. పెంచి ఉంటే బాగుండేది, బాబాయి ఏదో ఒకటి అని గెలిచేవాడు. వాలుకుర్చీలో కూర్చున్నాడు. గురక రాలేదు. కాసేపటికి నన్ను పిలిచాడు.

"నువ్వెళ్ళి అడగరా."

"నా సైకిలు ఇప్పించు బాబాయ్, ఎక్కి వెళ్తా."

"చీకటి పడ్డాక వెళ్తాలే."

"చీకట్లో నేను చొక్కాలు కుట్టలేను," అంది పిన్ని లోపల్నుంచి.

సాయంత్రం పాలకు జనం బారులు తీరి ఉన్న వేళ, వెళ్ళాడు. వెనకాల నేనూ వెళ్ళాను, ఇలాంటిది రోజూ దొరకదు. మిషను మీద పాల ప్యాకెట్ల ట్రేలు ఉన్నాయి. బాబాయి వరసలో నిలబడ్డాడు. ముందుకు రమ్మని జనం దారిచ్చారు, ఆయన కదల్లేదు. తన వంతు వచ్చేదాకా చెవులు ఎర్రబడి అలాగే ఉన్నాడు.

"మిషను కావాలమ్మా," అన్నాడు.

ఆవిడ ట్రేలు దించింది. "తీసుకెళ్ళండి అన్నయ్యగారూ. పొద్దున దీనితోపాటు అరగంట బోధ కూడా ఇచ్చారు, అదీ పట్టుకెళ్ళండి. ఇక్కడ చోటు చాలట్లేదు."

వరసంతా నవ్వింది. మహాత్యాగి బేరం తిరగబడిందే అన్నాడొకడు. బాబాయి నోరు తెరిచాడు. ఆత్మ గురించి ఏదో వస్తుందని నేను చెవి అప్పగించాను.

"అది మా ఆవిడది. ఆమెను అడక్కుండా ఇచ్చేశాను. తప్పు నాదే," అన్నాడు.

నవ్వు కాసేపు సాగింది గానీ, పట్టుకోవడానికి ఏమీ దొరక్క ఆరిపోయింది. నేను ఓ చెయ్యి వేస్తానంటే వద్దన్నాడు. ఆ ఇనప మిషనును భుజాన వేసుకుని టీకొట్టు ముందునుంచే, తల దించకుండా, ఎత్తకుండా నడిచాడు. దాని బరువు ఏనుగుకు కొంచెం తక్కువ. అబద్ధమైతే మీరొచ్చి ఎత్తి చూడండి.

పిన్ని నూనె వేసి, దారం ఎక్కించి మొదలుపెట్టింది. గొడుగూ గడియారమూ ఎవరికిచ్చాడో వాళ్ళ దగ్గరే ఉన్నాయి, ఆమె అడగలేదు కూడా.

శనివారం పొద్దున టీకొట్టు మనిషి మా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. వాలుకుర్చీ ఖాళీగా ఉంది. బాబాయి నేల మీద చాప వేసుకుని, సూదితో వేళ్ళు పొడుచుకుంటూ, చొక్కాలకు బొత్తాలు కుడుతున్నాడు.

"ఏం మహాత్యాగిగారూ, ఇదేం సాధన?"

"పక్కకు జరుగు బాబూ," అన్నాడు బాబాయి తలెత్తకుండా. "వెలుతురుకు అడ్డం వస్తున్నావు. ఇంకా ముప్ఫై ఉన్నాయి."