చెరువు నడుమ చేపల కత్తి చప్పుడు

దయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు. నమ్మడానికి వీల్లేదు కూడా, ఎందుకంటే మా వైపు తిరిగే దయ్యాల్లో సగం నేను పుట్టించినవే. నారాయణగూడలో మూతబడ్డ పాత మేడ మెట్ల మీద తెల్లచీర ఆవిడ కూర్చుంటుందని, చిక్కడపల్లి ఇరానీ హోటల్లో చాయ్ తాగుతూ మొదట చెప్పింది నేనే. కొన్నాళ్లకు ఎవరో కొత్తాయన అదే కథ నాకే చెప్పి, రాత్రిళ్లు అటు వెళ్లొద్దని జాగ్రత్తలు కూడా చెప్పాడు.

అందుకే ఈ సంగతి రాయడానికి చాలా రోజులు తటపటాయించాను. చేపల వేట కబుర్లూ దయ్యాల కబుర్లూ చెప్పే నోటితో ఒక నిజం చెబితే ఎవరు నమ్ముతారు? అయినా జరిగింది జరిగినట్టే రాస్తున్నాను.

నేనుండేది అశోక్‌నగర్‌లో. ఆదివారాలు ఊరి బయట చెరువులకు గాలం పట్టుకుని వెళ్తాను. చాలాసార్లు ఏమీ పడదు. ఉత్త చేతులతో ఇంటికి వెళ్లడం నామోషీ కదా, వచ్చే దారిలో రాంనగర్ చేపల మార్కెట్లో ఆగి బాలమణి దగ్గర కొంటాను.

"ఈయాల మనం ఏం పట్టినమన్నా?" అని అడుగుతుంది ఆమె, నవ్వు ఆపుకుంటూ. బొచ్చె చేప అంటే బొచ్చె కోసిస్తుంది. చెరువు గట్టు మీదే కోయించానని ఇంట్లో చెప్పేవాణ్ణి. ఒకసారి తొందరలో చందువా కొన్నాను. మా ఆవిడ విజయది కాకినాడ. ఏమీ అనకుండా వేయించి, వడ్డించి, "ఈ చెరువులో అలలు కూడా వస్తాయా అండీ?" అంది. చందువా సముద్రపు చేపని అప్పుడు గుర్తొచ్చింది నాకు.

బాలమణికి ఒక అలవాటుంది. ప్రతి చేపా కోసే ముందు కత్తి వెనక్కి తిప్పి చింతమొద్దు మీద రెండుసార్లు కొడుతుంది. టక్‌టక్. కాస్త ఆగి మళ్లీ టక్‌టక్. ఆదివారం గోలలో నేను కళ్లు మూసుకుని ఆ చప్పుడు పట్టుకునే ఆమె దుకాణానికి వెళ్లగలను. ఈ ఒక్క ముక్క గుర్తుంచుకోండి.

ఇక నన్ను చెరువు నడుమకు తీసుకెళ్లిన ఫ్లోట్ ట్యూబు సంగతి. నారాయణగూడలో ఉండే నా స్నేహితుడు సత్యం దాన్ని తెప్పించి, నడుం నొప్పి వచ్చి మూలన పడేశాడు. "పెద్ద చేపలు నడుమల్నే ఉంటయన్నా. ఒడ్డుమీద నిలబడి ఎన్నేండ్లు విసురుతవ్? వాడి చూడు. పనికొస్తే ఉంచుకో, లేకుంటే వాపస్ తెచ్చియ్యి" అన్నాడు.

మన జాలర్లు లారీ ట్యూబు మీద తిరుగుతారే, దానికి పట్నం తమ్ముడనుకోండి. గాలి నింపితే గుర్రపు నాడా ఆకారంలో ఉంటుంది. మధ్యలో గుడ్డ సీటు. కూర్చుంటే కాళ్లు నీళ్లలో వేలాడతాయి. పాదాలకు బాతుకాళ్ల లాంటి రబ్బరు రెక్కలు తొడుక్కుని తన్నుకుంటూ పోవాలి. ఇంకో విచిత్రం, అది వెనక్కే పోతుంది. వెళ్లే చోటుకు మన వీపు ఉంటుంది.

హాల్లో గాలి నింపి కూర్చుని చూశాను. విజయ ఎగాదిగా చూసి, "టీవీ ముందు బానే ఉంది. చెరువుకెందుకండీ ఇది?" అంది.

ఆ ఆదివారం పొద్దున్నే సత్యం, నేను కలిసి వెళ్లాం. వానలు బాగా పడి చెరువు నిండింది. మేం గాలి ఎటు వీస్తోందో చూశాం, మబ్బు చూశాం, లైఫ్ జాకెట్ బిగించాం. అలుగు పారుతోందన్న సంగతి మాత్రం చూసి కూడా లెక్కచేయలేదు. ఏళ్ల తరబడి ఒడ్డున నిలబడి గాలం వేసేవాడికి చెరువంటే కదలని నీళ్లే.

ట్యూబులో కూర్చుని నీళ్లలోకి దిగాను. మొదట్లో స్వర్గంలా ఉంది. నీళ్లకు అంత దగ్గరగా నేనెప్పుడూ కూర్చోలేదు. గాలం విసిరి, కాళ్లు ఆడిస్తూ, గట్టు మీదున్న సత్యం వైపు చెయ్యి ఊపాను కూడా.

కొంతసేపటికి గట్టు జరుగుతున్నట్టు అనిపించింది. జరుగుతున్నది నేను. నిండిన చెరువు అలుగు మీంచి పొర్లుతూ నన్నూ మెల్లగా అటే లాగుతోంది. అలుగు అవతల నీళ్లు బండల మీద పడుతున్న హోరు వినబడుతోంది. ఆ బండల మీద లైఫ్ జాకెట్ ఏం చేస్తుంది?

తప్పించుకోవాలంటే వెనక్కి తన్నాలి. అంటే అలుగును ఎదురుగా చూస్తూ తన్నాలి. తొడలు పట్టేసేదాకా తన్నాను. అలుగు దూరం కాలేదు, దగ్గరవుతోంది. గట్టు మీద సత్యం చేతులు ఊపుతూ పరుగెత్తుతున్నాడు. ఏదో అరుస్తున్నాడు, హోరులో ఒక్క ముక్క వినపడలేదు.

అప్పుడు వినిపించింది. టక్‌టక్. కాస్త ఆగి, టక్‌టక్.

అంత హోరులోనూ స్పష్టంగా, నా ఎడమ భుజం వెనకనుంచి. నేను ఆలోచించలేదు. ప్రతి ఆదివారం వెళ్లినట్టే ఆ చప్పుడు వైపు వెళ్లాను. వీపు అటు తిప్పి తన్నడం మొదలుపెట్టాను. నేను వంకర పోయినప్పుడల్లా చప్పుడు పక్కకు జరిగేది, నేను మళ్లీ సరిచేసుకునేవాణ్ణి. అప్పటిదాకా నీటి లాగుడుకు సరిగ్గా ఎదురు తన్నాను. ఇప్పుడు అడ్డంగా పోతున్నాను. ట్యూబు కదిలింది.

వీపుకు తుంగ తగిలింది. కాళ్లకింద బురద దొరికింది. ఆ క్షణాన చప్పుడు ఆగిపోయింది.

వెనక్కి తిరిగి చూశాను. నీళ్లలో నిలబడ్డ నాలుగు తుమ్మచెట్లు, తుంగ, అంతే. ఇల్లు లేదు, మనిషి లేడు. సత్యం రొప్పుతూ వచ్చి బురదలోంచి నన్ను బయటికి లాగాడు. నవ్వాలో ఏడవాలో తెలియక ఇద్దరం కాసేపు గడ్డిమీద పడుకున్నాం. ఆకాశం అంత బాగుంటుందని నాకు తెలియదు. చప్పుడు విన్నావా అని అడిగాను. "ఏం చప్పుడన్నా? నా గుండె చప్పుడే నాకు వినొస్తలేకుండె" అన్నాడు.

తడి ప్యాంటుతోనే రాంనగర్‌లో దిగాను. నేను నోరు తెరవక ముందే బాలమణి కుడిచెయ్యి చూపించింది. మణికట్టు వాచి ఉంది.

"ఈయాల నీకు చేప కొయ్యనన్నా, ఏం అనుకోకు. చెయ్యి లేస్తలేదు."

"ఏమైంది?"

"ఏమో. పొద్దుగాల గిరాకీ మీదున్న. మొద్దు మీద చేప లేదు, ఏం లేదు, ఉత్తగనే కొడుతున్న. ఆపుదామంటే చెయ్యి ఆగలే. పక్కదుకాణమోళ్లు ఒకటే నవ్వుడు, బాలమణికి పిచ్చిలేసిందని. మళ్ల దానంతట అదే ఆగింది."

మొద్దు వంక చూశాను. ఒక చోట కొత్తగా గుంత పడి, తెల్లటి చెక్క పొట్టు లేచి ఉంది. చెరువులో జరిగింది ఆమెకు చెప్పాను.  ఆమె వాచిన చేత్తోనే నా భుజం తట్టి, "ఇంటికి పో అన్నా. ఒదినె ఎదురుచూస్తుంటది" అంది.

చెరువుకూ రాంనగర్‌కూ నడుమ సగం ఊరుంది. అది వడ్రంగిపిట్ట అయి ఉంటుందని సత్యం అంటాడు. కావచ్చు. భయంలో చెవులు ఏదైనా వింటాయని ఇంకొకరన్నారు. అదీ కావచ్చు. మరి మొద్దు మీద గుంత ఎవరి భయంలోంచి వచ్చింది? నాకు తెలియదు. ఎన్నో కథలు అల్లాను కానీ దీనికి మాత్రం ముడి వేయడం చేతకావడం లేదు.

ట్యూబు సత్యానికి తిరిగిచ్చేశాను. చిన్న చెరువు, గాలి లేని పొద్దు, అలుగు పారని కాలం, ఒడ్డున కాపలాకు ఒక మనిషి, ఇవన్నీ కుదిరితే అది మంచి వస్తువే. నాకు మాత్రం ఇకమీదట ఎటు పోతున్నానో కళ్లకు కనబడాలి.

ఆ రోజు ఇంటికెళ్లిన సంగతి చెప్పలేదు కదూ. పక్క దుకాణంలో కొనబుద్ధి కాలేదు. ఉత్త చేతులతోనే తలుపు తట్టాను. విజయ నా చేతులు చూసింది, మోకాళ్లదాకా పట్టిన బురద చూసింది.

"చేపలేవండీ?"

"పడలేదు."

పక్కకు జరిగి దారి ఇచ్చింది.

"అయితే ఇవాళ నిజంగానే చెరువుకెళ్లారన్నమాట. ముందు స్నానం చేయండి, పప్పుచారు పెడతాను."