పాకాలలో నలభై నిమిషాలు

మా అమ్మ ఒట్టు పెట్టేది కాదు. పాలమూరు దిక్కున మెన్నోనైటు సంఘంలో పుట్టి పెరిగిన మనిషి. వాళ్ళు దేవుడి మీద గానీ బిడ్డల మీద గానీ ఒట్టు వేయరు. మాట నిజమైతే ఒట్టెందుకు, అబద్ధమైతే ఒట్టుతో ఏం లాభం అంటారు. లారీ డ్రైవరైన మా నాయన అక్కడి మిషన్ ఆసుపత్రికి సరుకు తోలే రోజుల్లో ఆమెను చూశాడు. ఆ ఊరి చెరువులో మునిగి బాప్తిస్మం తీసుకుని, పెళ్ళి చేసుకుని చిత్తూరుకు తెచ్చుకున్నాడు. మునిగాడు గానీ పాత స్నేహాలు వదల్లేదు. స్నేహితులతో తిరుమలకు పోయి లడ్డు తెచ్చేవాడు. అమ్మ దాన్ని తినేది కాదు, పారేసేదీ కాదు. గోడ మీదుగా పక్కింటామెకు ఇచ్చేది.

ఆ పక్కింటామె కోడిపెట్ట ఒకసారి కనిపించకుండా పోయింది.

"నువ్వు తీయలేదని నీ కొడుకు మింద ఒట్టెయ్యి, నమ్ముతా" అంది ఆమె.

"తియ్యలేదు వదినా" అంది అమ్మ.

"అది సరే, ఒట్టెయ్యి."

"తియ్యలేదని చెప్పిన గద."

"ఒట్టెయ్యనోళ్ళ కడుపులోనే ఉంటాది కోడి" అని వీధంతా వినేట్టు అనేసి పోయింది. ఇరవై మూడో రోజున ఆ పెట్ట మా కట్టెల కుప్ప వెనక నుంచి తొమ్మిది పిల్లల్ని వెంటేసుకుని వచ్చింది. ఆ తర్వాత వీధిలో ఏ తగువు వచ్చినా, "ఆ పాలమూరామెను అడగండప్పా" అనేది ఆ పక్కింటామే.

నేను ఐదో తరగతిలో బడి మానేశాను. లెక్కలు మామిడి మండీలో నేర్చుకున్నాను. కుప్పను చూసి ఎన్ని వందల కాయలుంటాయో చెబితే పదికి మించి తేడా వచ్చేది కాదు. బస్సుల వేళలు, రైళ్ళ వేళలు నోటికి వచ్చు. వీధిలో ఎవరు ఊరికి పోవాలన్నా నన్నే అడిగేవాళ్ళు. అమ్మ కూడా.

ప్రతి వేసవిలో ఆమె పుట్టింటి ఊరికి పోయేది. అక్కడి సంఘంలో రొట్టె విరిచి పంచుకునే ముందు ఆడవాళ్ళు ఆడవాళ్ళవి, మగవాళ్ళు మగవాళ్ళవి కాళ్ళు కడుగుతారు. ఇద్దరి మధ్య మనస్పర్థ ఉంటే ముందు అది తీరాలి. తీరనిదే రొట్టె ముట్టకూడదు. అమ్మ ఏటా తన చెల్లెలి కాళ్ళు కడిగేది. చెల్లెలు అమ్మ కాళ్ళు కడిగేది.

మా అమ్మమ్మ చనిపోయినప్పుడు ఆ చెల్లెలినే అమ్మ ఒక మాట అంది. "నీ చేతుల పెట్టిపోతే సంపుకున్నవ్" అని, శవం దగ్గర, పదిమందిలో. ఆ తర్వాత మూడేళ్ళు అటు పోలేదు. చిత్తూరు చర్చిలో ఏడాదికి నాలుగుసార్లు రొట్టె పళ్ళెం వచ్చేది. ఆమె తీసుకోకుండా పక్కవాళ్ళకు అందించేది. అట్లా పదకొండు సార్లు. లెక్క పెట్టాను గానీ, ఒక్కసారీ ఆమె ముఖం చూడలేదు.

ఎనభై ఒకటి మే నెలలో పిన్నమ్మ దగ్గర నుంచి కార్డు వచ్చింది. జూన్ కూటాలకు రమ్మని, నీ కాళ్ళు కడగాలని ఉందని. అమ్మ ఆ కార్డును బైబిల్లో పెట్టుకుని రోజూ తీసి చూసేది. అప్పటికే ఆమెకు గుండె జబ్బు. మూడు మెట్లెక్కితే నిలబడిపోయేది. ఒంటరిగా పంపవద్దని డాక్టరు చెప్పాడు. నేను తోడు పోవాలి.

"బండి ఎప్పుడు బిడ్డా?" అని అడిగింది. నాయన అన్నం తింటున్నాడు. అమ్మ సంచి సర్దుకుని ఉంది. అందులో ఒక చీర, కాళ్ళు తుడవడానికి కొత్త తువ్వాలు.

పాలమూరు పోవాలంటే పాకాలలో బండి మారాలి. చిత్తూరు ప్యాసింజరు అక్కడికి చేరిన తర్వాత పాలమూరు బండి రావడానికి నలభై నిమిషాలు పడుతుంది. ఆ సంగతి నాకు నిద్రలో లేపి అడిగినా తెలుసు.

"టైము మార్చినారు మా. మనం పాకాలకు పోయేలోపల ఆ బండి ఎల్లిపోతాది. రాత్రంతా ఆడనే పడుండాల. నీకు చేతగాదు. కాయల సీజను పోనీ, ఆగస్టులో పోదాం" అన్నాను.

కూలి పోతుందని కాదు. బంగారుపాళ్యం గుజ్జు ఫ్యాక్టరీలో ఆ ఏడాది కాయల తూకం నాకు అప్పగించారు. లారీలు రోడ్డు పొడుగునా నిలబడితే, "ఈ అబ్బాయి లేకుంటే మన లెక్క తేలదు" అని ఓనరు అందరి ముందరా అన్నాడు. నాలుగు రోజులు నేను లేకుండానే లెక్క తేలిపోతుందేమోనని నా భయం.

అమ్మ నా వైపు చూసింది. "సరే బిడ్డా" అంది. సంచిలో చీర, తువ్వాలు తీసి మళ్ళీ పెట్టెలో పెట్టింది. నాయన మజ్జిగ పోసుకున్నాడు.

జూలైలో ఒక మధ్యాహ్నం బియ్యంలో రాళ్ళు ఏరుతూ గోడకు ఆనుకుని పోయింది. చేటలో ఏరినవి ఒక పక్క, ఏరనివి ఒక పక్క ఉన్నాయి. నలభై ఎనిమిదేళ్ళు.

టెలిగ్రాం ఇస్తే మరుసటి రోజు మధ్యాహ్నానికి పిన్నమ్మ వచ్చింది. ఏడ్చినంతసేపు ఏడ్చి, నా చెయ్యి పట్టుకుంది.

"బండ్లు కలుస్తలెవ్వని అక్క రాసింది గద బిడ్డా. నేను పాకాలల టేషన్ మాస్టర్ను అడిగిన. అటు పొయ్యే బండి గూడ ఎప్పటి లెక్కనే ఉన్నదంట. నలభై నిమిషాలు కూసుంటే సాలన్నడు."

"మొన్ననే మళ్ళీ మార్చినారు పిన్నమ్మా" అన్నాను.

ఆమె తలూపింది. పెట్టెలో నుంచి ఆ తువ్వాలు తీయించి, పళ్ళెం తెప్పించి, "నీళ్ళు నువ్వు పొయ్యి" అని చెంబు నా చేతికిచ్చింది. నేను నీళ్ళు పోస్తుంటే అక్క కాళ్ళు కడిగింది, మడమలు, వేళ్ళ సందులు, బతికున్న మనిషికి కడిగినట్టే. అక్కడ ఉన్నవాళ్ళందరూ నన్ను మంచి కొడుకని అనుకున్నారు.

సెప్టెంబరులో చర్చిలో రొట్టె పళ్ళెం నా ముందుకు వచ్చింది. తీసుకోలేక పక్కనున్న నాయనకు అందించాను. ఆయనా తీసుకోలేదు. ఇంటికి నడిచి వస్తుంటే అడిగాను.

"నువ్వెందుకు తీసుకోలేదు నాయనా?"

"పాకాల రైలు గేటు కాడ ఆ బండి కోసరం ఎన్నిసార్లు లారీ ఆపుకోని నిలబడినానో నీకేమన్నా లెక్కుండాదా?" అన్నాడు. "నువ్వు చెప్పిన నాటికి ముందురోజు గూడా నిలబడినా. టైము యాడా మారలేదు."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"ఆమె పోతే ఇంట్లో వండేదెవురు అనుకున్నా. నువ్వే కాదంటివి కదా, నాకెందుకులే అని ఊరకుండినా."

మరుసటి ఏడు జూన్‌లో ఇద్దరం ఆ బండికే పోయాం. పాకాలలో దిగి గడియారం చూశాను. నలభై నిమిషాలు. టీ తాగి, బెంచీ మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నా ఇంకా సమయం మిగిలింది. గుండె జబ్బు మనిషి అయినా ఆయాసం లేకుండా ప్లాట్‌ఫారం దాటవచ్చు. నాయన ఆ చివరి నుంచి ఈ చివరికి మెల్లగా నడిచి చూశాడు. ఎందుకని నేను అడగలేదు.

పిన్నమ్మకు నేనే చెప్పాను. ఆమె ఒకటే అడిగింది. "అక్కకు తెల్వదు గద?"

"తెలియదు పిన్నమ్మా" అన్నాను.

బండి టైము మారిందని నేను అమ్మకు చెప్పిన మరుసటి వారమే, మా పక్కింటామె ధర్మవరంలో ఉన్న కూతుర్ని చూడడానికి పాకాల మీదుగా అదే బండికి పోయింది. నాలుగు రోజులకు తిరిగి వచ్చింది. వాళ్ళిద్దరూ గోడకు అటూ ఇటూ నిలబడి రోజూ మాట్లాడుకునేవాళ్ళు. ఆ తర్వాత అమ్మ నన్ను బండి గురించి మళ్ళీ ఎప్పుడూ అడగలేదు.