ఐదో నంబరు ఖాళీ

“నా కప్పు ఎవరు జరిపారు?”

“బల్ల తుడిచేటప్పుడు జరిగుంటుందక్కా. రెండంగుళాలేగా.”

“రెండంగుళాలేనా? చూసుకోకుండా చెయ్యి చాస్తే నా చేతికి ఏమొచ్చిందో తెలుసా? నీ జిగురు సీసా. ఇంకాస్తుంటే తాగేదాన్ని.”

మా పార్శిల్ ఆఫీసులో కంప్యూటర్ల పని చూసే అక్కకి, మేమంతా ‘వరుసక్క’ అని పిలిచే ఆవిడకి, ఉన్న నియమం ఒక్కటే: దేని చోటు దానికుంది, జరపకూడదు. పెన్నులు ఎత్తుల వారీగా ఉండాలి. గుమ్మం బయట మా చెప్పులు కూడా బారులు తీరాలి. తన పెళ్ళి ఫోటోలో చుట్టాలందర్నీ ఎత్తుల వారీగా నిలబెట్టి, పొట్టిగా ఉన్నాడని పెళ్ళికొడుకుని చివరికి పంపేసిందట. “ఇంకా అక్కడే ఉన్నాను తమ్ముడూ,” అంటారు బావగారు.

అలాంటి అక్కకి పాత బుకింగ్ ప్రోగ్రాంని కొత్తదానిలోకి మార్చే పని పడింది. పాతదాంట్లో తెర మీద ఊరికో బొత్తాం. ఒకే ఇంటిపేరు గల అన్నదమ్ముల్లా అన్నింటికీ ఒకటే పేరు, తేడా నంబరులోనే. మౌసుతో నొక్కినా సరే, ఆ నంబరు కొట్టినా సరే. కొత్తదానికి ఈ ఉమ్మడి కుటుంబం గిట్టదు. ఏ బొత్తానికా బొత్తాం సొంత పేరుతో వేరు కాపురం పెట్టమంటుంది.

“పెట్టించెయ్యక్కా, గొడవ వదులుతుంది.”

“నా చేత్తో కాపురాలు విడదీయను,” అంది. ప్రోగ్రాం తెరవగానే బొత్తాలన్నీ వాటంతటవే పుట్టి, నంబర్ల వారీగా వరుసలో నిలబడేలా రాసేసింది. పక్కన కూర్చుని చూసినందుకే నాకు ఛాతీ ఉబ్బింది.

మేనేజరు మాత్రం మొహం చిట్లించాడు. “ఐదో నంబరు దగ్గర ఆ ఖాళీ ఏంటమ్మా? పన్ను ఊడినట్టుంది.”

“ఆ ఊరికి సర్వీసు ఎప్పుడో తీసేశారు కదా సార్. పాతదాంట్లోనూ ఖాళీయే.”

“మరి ఆరోదాన్ని ఇటు జరుపు.”

“దాని చోటు దానికుంది సార్.”

“నీ పిచ్చిని ప్రోగ్రాంకి కూడా అంటించావన్నమాట. సరే, కానీ. కౌంటర్లో బుకింగ్ చేసే బాబాయి కళ్ళద్దాల మందం చూస్తేనే నాకు భయం. మొదటిరోజు ఒక్క పార్శిల్ ఊరు తప్పినా ఆయన్ని గోడౌన్‌కి పంపేస్తా.”

ఆ మొదటిరోజు నేను కౌంటర్ పక్కనే కాపలా కాశాను. బాబాయి తెర వంక చూడనే లేదు. వచ్చినవాళ్ళతో మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడుతూ, ఊరి పేరు చెవిన పడగానే వేళ్ళకి అలవాటైన పాత నంబరు టకటకా కొట్టేస్తున్నాడు. నాలుగు, ఆరు, ఎనిమిది. ఐదు మీదకి వేలే పోలేదు. అప్పుడు వెలిగింది నాకు. ఆరుని ఐదులోకి జరిపుంటే దాని వెనకున్న ఊళ్ళన్నీ జరిగేవి. బాబాయి గోడౌన్లో ఉండేవాడు.

సాయంత్రం మేనేజరు లారీలన్నీ ఎక్కి దిగాడు. ఒక్క పార్శిలూ ఊరు తప్పలేదు. చేతులు దులుపుకుని ఇంటికి వెళ్ళిపోయాడు.

బాబాయి కళ్ళజోడు తుడుచుకుంటూ మా గదికొచ్చాడు. “అమ్మాయ్, ఆ కొత్త ప్రోగ్రాం ఎప్పుడు పెడతారో ముందే చెప్పు. ఆ రోజుకి సెలవు పెట్టేస్తా.”

“పొద్దున్నే పెట్టేశాం బాబాయ్.”

ఆయన ముక్కు తెరకి ఆనేంత దగ్గరగా వంగి, ఆ చివర నుంచి ఈ చివరిదాకా చూశాడు. “ఏదీ? అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయిగా.”

అక్కకి జీవితంలో అంతకన్నా పెద్ద బిరుదు ఎవరూ ఇవ్వలేదు. పెన్నులు సర్దే వంకతో తల దించుకుని, వరుస తప్పి పొడుగు పెన్నుల మధ్య పొట్టిదాన్ని పెట్టేసింది. నేను చూశానని గమనించింది.

“నిలబడి ఇకిలిస్తావేం? వెళ్ళి ముగ్గురికీ టీ పట్రా. నా కప్పు ఎక్కడ పెట్టాలో తెలుసుగా, పిడి ఎడమవైపుకి.”