ఒప్పందం వచ్చిన రోజు, మా పిండి గిన్నె

సౌదీకీ పాకిస్తాన్‌కీ కుదిరిన రక్షణ ఒప్పందం గురించి చాలామంది రాస్తారు. సౌదీలోని హుఫూఫ్‌లో మా గది వంట సంగతి ఎవరూ రాయరు. అందుకే నేను రాస్తున్నాను.

గదిలో ముగ్గురం. ఏసీలు బాగుచేసే నేను, మా జగిత్యాల వైపు నుంచి వచ్చిన ఎలక్ట్రీషియన్ తమ్ముడు, లాహోర్ వైపు ట్రక్కు డ్రైవర్. పప్పు మాది, రొట్టె అతనిది. ఏళ్లుగా అంతే.

ఆ సాయంత్రం తమ్ముడు ఫోన్ చూస్తూ లేచి కూర్చున్నాడు.

"అన్నా, ఒకని మీద పడితే ఇద్దరి మీద పడ్డట్టేనట. గిప్పుడు పాకిస్తానోళ్ల అణుబాంబులు గూడ సౌదీవాళ్లయేనా? లైబ్రరీల పుస్తకాలన్నీ నమిలినోనివి గదా, చెప్పు."

అడగడమే ఆలస్యం. పదో తరగతి తప్పాక మా ఊరి గ్రంథాలయంలో కూర్చుని చదివిందంతా బయటికి తీశాను. అమెరికా అణుబాంబు తయారీకి బ్రిటన్ శాస్త్రవేత్తలు చేయి కలిపితే, యుద్ధం ముగిశాక అమెరికా చట్టం చేసి వాళ్ల ముఖం మీదే తలుపు వేసింది. మళ్లీ తెరవడానికి పుష్కరం పట్టింది. జర్మనీ గడ్డ మీద బాంబులు పెట్టినా తాళాలు తన దగ్గరే ఉంచుకుంది. ఆపదలో మిత్రుడు నిజంగా వస్తాడా అన్న అనుమానంతో ఫ్రాన్స్ సొంత బాంబు చేసుకుంది. ఈ కొత్త ఒప్పందంలో బాంబు మాట ఉందో లేదో ఎవరూ తేల్చి చెప్పడం లేదు. పొయ్యి మీద పప్పు అడుగంటుతున్నా నేను ఆపలేదు.

"అంటే దోస్తులను నమ్మిన దేశం ఒక్కటి గూడ లేదన్నట్టు. మరి మనమెందుకు నమ్మాలె?" అని తమ్ముడు డ్రైవర్ పిండి గిన్నె తీసుకెళ్లి గుమ్మం బయట పెట్టాడు.

"నేను చెప్పింది దేశాల సంగతిరా!"

"గిది గూడ దేశాల సంగతే."

నా చదువు ఇలా పనికొస్తుందనుకోలేదు. గదిలో అటూ ఇటూ తిరిగాను. గిన్నె లోపలికి తెస్తే తమ్ముడు వేరే గది చూసుకుంటాడు. తేకపోతే డ్రైవర్ ముఖం ఎలా చూడను? తేల్చుకోకముందే అతను వచ్చేశాడు. గిన్నెను చూశాడు, మమ్మల్ని చూశాడు.

"క్యా భాయ్, మేరే ఆటే కో ఎగ్జిట్ లగా దియా?" అని, దేశం నుంచి పంపేసే ముద్ర తన పిండికి కొట్టామన్నట్టు నవ్వాడు.

తమ్ముడు నవ్వలేదు. నేను వెళ్లి గిన్నె తెచ్చి స్టవ్ పక్కన పెట్టాను. "మేరే లియే చార్," అని నాకు నాలుగు రొట్టెలు చెప్పాను. తమ్ముడు తనకు అన్నం వేరే వండుకున్నాడు. కలుపుకోవడానికి మాత్రం నా మాడిన పప్పులోనే గరిటె పెట్టాడు.

గిన్నె ఇప్పటికీ లోపలే ఉంది. ఫోన్‌లో ఏ వార్త మోగినా నా చూపు ముందు దాని మీదికే పోతుంది.

ఇకామాలు, అంటే ఇక్కడ ఉండే పర్మిట్లు, రెన్యువల్ కావలసిన వాళ్లం, పేర్లు రాయను. మూసే వేళ దాటినా నన్ను లేవగొట్టని మా ఊరి లైబ్రేరియన్‌కు, ఆ రోజు ఇంకేమీ అడగకుండా రొట్టెలు కాల్చిన డ్రైవర్‌కు, అలిగి కూడా గది మారని తమ్ముడికి కృతజ్ఞతలు.